దారం కింద తుప్పు గీత

ప్రశ్న: అన్నా, నేను హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. గాల్వెస్టన్ ఒడ్డున చేపలు పట్టే పిచ్చి రెండేళ్లుగా పట్టుకుంది. పోయిన జనవరిలో 11 అడుగుల సర్ఫ్ రాడ్, అంటే ఒడ్డు నుంచి విసిరే గాలం కర్ర, ఒకటి సొంతంగా కట్టుకున్నాను. బ్లాంక్ (రాడ్‌కి అసలు బొంగు), గాలం తాడు పోయే స్టెయిన్‌లెస్ రింగులు, అంటే గైడ్లు, వాటిని బ్లాంక్‌కి కట్టే నీలం నైలాన్ దారం, దాని మీద పూతకు రెండు సీసాల ఎపాక్సీ (రెసిన్ ఒకటి, హార్డనర్ ఒకటి) తెప్పించుకుని, వీడియోలు చూస్తూ గరాజ్‌లోనే పని కానిచ్చాను. కాకినాడ నుంచి వచ్చిన మా మామగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఫైబర్ పడవల పని బాగా ఎరిగిన మనిషి. చలికి తొందరగా గట్టిపడదు, హార్డనర్ కాస్త ఎక్కువ వెయ్యమన్నారు. కొన వైపు గైడ్లకు అలాగే వేశాను. ఇప్పుడు ఆగస్టు. ఆ కొన వైపు మూడు గైడ్ల మీద ఎపాక్సీ పూత (ఫినిష్) ఇంకా వేలికి అంటుకుంటోంది. రీల్ నుంచి రెండో గైడ్ దగ్గర దారం కింద గోధుమ రంగు గీత కనిపిస్తోంది, అక్కడే ఫినిష్ గుండ్రంగా చిట్లింది. ఏరికోరి కొన్న నీలం దారం పూత పడగానే దాదాపు నల్లగా అయిపోయింది. అన్నిటి మీదా ఇంకో కోటు ఎపాక్సీ కొడితే సరిపోతుందా? మామగారేమో ఫోన్‌లో, "దానికంత రామాయణం ఎందుకు, పడవకు కొట్టే వార్నిష్ ఒక చెయ్యి వెయ్యి" అంటున్నారు. అక్టోబరులో పెద్ద రెడ్ డ్రమ్ చేపలు ఒడ్డుకు వచ్చేలోపు రాడ్ సిద్ధం కావాలి.

సమాధానం: అన్నా అని పిలిచారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. కొన వైపు జిగటగా ఉన్న గైడ్లకు ఇంకో కోటు పనిచేసే అవకాశం ఉంది. తుప్పు గీత వచ్చిన గైడ్ మీద మాత్రం చుక్క కూడా వెయ్యకండి, దాన్ని కోసి తీసేయాలి. నీలం దారం సంగతి, దారం మారిస్తే తప్ప ఇక అంతే. మీ మామగారి మాటల్లో ఒకటి తప్పు, ఒకటి సగం ఒప్పు. ఆయన చెప్పింది ఆయన పనిలో నిజమే, అందుకే ఇది కాస్త వివరంగా చెప్పాలి.

ముందు ఆ గోధుమ గీత. స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టదని మనకో నమ్మకం. దాన్ని కాపాడేది పైన కంటికి కనపడనంత పల్చగా ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడినా గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆ పొర తనంతట తనే మళ్లీ కట్టుకుంటుంది. కానీ ఆక్సిజన్ అందని ఇరుకు సందులో ఉప్పునీళ్లు చేరి నిలబడిపోతే, చెదిరిన పొర తిరిగి రాదు. మీ గైడ్ రింగు, కాళ్లు ఎండలో తళతళలాడుతుంటే దారం కింద దాక్కున్న పాదానికి, అంటే బ్లాంక్‌కి ఆనే బల్లపరుపు ముక్కకి, తుప్పు పట్టింది అందుకే. ఎక్కువ కప్పిన చోటే ఎక్కువ తిన్నదన్నమాట.

మరి పైన అంత ఎపాక్సీ ఉండగా నీళ్లు ఎలా దూరాయి? రాడ్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ గైడ్‌ని పైనుంచి కాకుండా రింగు వైపు నుంచి, అంటే పాదం దారంలోకి దూరే చోటి నుంచి చూడండి. బ్లాంక్ గుండ్రంగా ఉంటుంది, పాదం బల్లపరుపుగా ఉంటుంది, దారం ఆ రెండిటి మీదుగా బిగుతుగా పోతుంది. పాదానికి కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి, మూడు మూలల చిన్న సొరంగాలు మిగులుతాయి. మీ గైడ్‌లో కనీసం ఒక పక్క ఆ సొరంగం నోరు నల్లటి చుక్కలా తెరుచుకునే ఉంటుందని నా అనుమానం. భూతద్దం అక్కర్లేదు, ఫోన్ కెమెరా జూమ్ చాలు. పైన అద్దంలా మెరిసే ఫినిష్, పక్కన తెరిచిన తలుపు. అల వచ్చి కొట్టిన ప్రతిసారీ దాంట్లోకి కాస్త నీరు వెళ్తుంది. నీరు ఆరుతుంది, ఉప్పు మిగులుతుంది, మళ్లీ నీరు వెళ్తుంది. రాడ్‌కి ఫినిష్ వేసేటప్పుడు నేను మెరుపు సంగతి ఆఖర్న చూసుకుంటాను. ముందు ఆ రెండు నోళ్లూ మూసుకున్నాయా లేదా అన్నదే చూస్తాను.

నాకూ ఇది ఎవరో చెబితే తెలిసింది కాదు. 14 ఏళ్ల కిందట నేను కట్టిన మొదటి రాడ్, చూసినవాళ్లందరూ షాపులో కొన్నావా అని అడిగిన రాడ్, ఏడాది తిరిగేసరికి ఒక గైడ్ కదలడం మొదలుపెట్టింది. కోసి చూస్తే పాదం కింద కాఫీ డికాక్షన్‌లాంటి నీళ్లు, దారం లోపలి వైపు మొత్తం మరక. ఫినిష్ మాత్రం ఒక్క గీత లేకుండా ఉంది. ఆ రోజు సాయంత్రం మిగతా గైడ్లన్నిటినీ రింగు వైపు నుంచి చూస్తే తొమ్మిదింటిలో ఆరు నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. కాబట్టి మీరు కూడా ఆ ఒక్కదాన్నే చూసి ఊరుకోకండి.

ఇప్పుడు కోయడం. హెయిర్ డ్రయర్‌తోనో, హీట్ గన్ తక్కువ వేడి మీద పెట్టో ఫినిష్‌ని వెచ్చబరచండి. గోరు గుచ్చితే కాస్త దిగేంత మెత్తబడితే చాలు. పొగ వచ్చేదాకా కాల్చారంటే బ్లాంక్ లోపలి రెసిన్ పాడవుతుంది, అప్పుడు గైడ్ మిగులుతుంది గానీ రాడ్ మిగలదు. కొత్త బ్లేడుతో పాదం మీదనే, లోహం తగిలేలా పొడవునా కోయండి. బ్లేడు పాదం దాటి బ్లాంక్ మీదకు రానే కూడదు. ఫైబర్ మీద పడిన సన్నటి గాటు ఈ రోజు ఏమీ చెయ్యదు. అక్టోబరులో పాతిక పౌన్ల చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. కోశాక గైడ్ ఊడి వస్తుంది, దారం పెంకులా లేస్తుంది. బ్లాంక్‌కి అంటుకుని మిగిలిన ఎపాక్సీని మళ్లీ వెచ్చబరిచి, ఐస్‌క్రీమ్ పుల్లతోనో పాత ఏటీఎం కార్డు అంచుతోనో గీకేయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

పాదం మీద ఉన్నది పైపై మరకే అయితే గైడ్‌ని శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. గుంటలు పడి ఉంటే పారేయండి, దాని మీద మమకారం వద్దు. కొత్తది కొనేటప్పుడు ఉప్పునీళ్లను బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ అడగండి. జేబు ఒప్పుకుంటే టైటానియం ఫ్రేమ్ కొనండి, దానికి ఉప్పునీటి భయం లేదు. ధర చూస్తే మాత్రం కాసేపు టెన్షన్ వస్తుంది. ఇంకో మాట, గైడ్ పాదం కొసని దారం సాఫీగా ఎక్కేలా సన్నగా అరగదీయాలి. పైన నల్లటి పూత ఉన్న గైడ్లకు అరగదీసిన చోట ఆ పూత పోయి పచ్చి లోహం బయటపడుతుంది. ఆ చోటు పూర్తిగా ఎపాక్సీలో మునగాలి.

అక్కడే ఉన్న చిట్లు గురించి. సర్ఫ్ రాడ్ విసిరేటప్పుడు బ్లాంక్ వంగుతుంది, గైడ్ పాదం వంగదు. వంగేదీ వంగనిదీ కలిసే చోట, అంటే పాదం కొస దగ్గర, ఫినిష్ మీద ఒత్తిడంతా పడుతుంది. కొస మొద్దుగా ఉండి దాని మీద ఫినిష్ మందంగా ఉంటే ఉంగరంలా పగుళ్లు తేలతాయి. సన్నగా అరగదీసిన కొస, పల్చటి రెండు కోట్లు, ఈ రెండూ ఉంటే చాలావరకు పగలదు. ఒకే కోటులో పని అయిపోవాలని దట్టంగా పోసేవాళ్ల రాడ్లు చూడగానే తెలిసిపోతాయి. ప్రతి గైడ్ దగ్గరా నడుము ఉబ్బి కోడిగుడ్డులా ఉంటుంది. బహుశా మీదీ అంతే, తప్పుగా అనుకోకండి.

ఇక జిగట. మీ మామగారు ఇక్కడే తప్పటడుగు వేయించారు, పాపం ఆయనకు తెలియక. ఫైబర్ పడవలకు వాడేది ఎక్కువగా పాలిస్టర్ రెసిన్. దాంట్లో కలిపే కేటలిస్ట్ నిప్పు అంటించే అగ్గిపుల్ల లాంటిది. ఒకసారి అంటుకుంటే రెసిన్ తనలో తను గొలుసులా ముడిపడిపోతుంది. అందుకే పడవల పనివాళ్లు వాతావరణాన్ని బట్టి నాలుగు చుక్కలు ఎక్కువో తక్కువో వేస్తారు. కొలత కన్నా చేతివాటమే అక్కడ విద్య. ఎపాక్సీ ఆ జాతి కాదు. ఇందులో రెసిన్, హార్డనర్ కోలాటంలో జోడీల లాంటివి. ప్రతి రెసిన్ అణువుకూ చెయ్యి కలపడానికి హార్డనర్ కావాలి, ప్రతి హార్డనర్‌కూ రెసిన్ కావాలి. హార్డనర్ ఎక్కువ పోస్తే పని తొందరగా అవదు. జోడీ దొరకని హార్డనర్ అలాగే ద్రవంలా మధ్యలో మిగిలిపోతుంది. జనవరి నుంచి ఆగస్టు దాకా మీ వేలికి అంటుతున్నది అదే. ఇంకో ఏడాది ఎదురుచూసినా దానికి జోడీ రాదు.

రాడ్లకు అమ్మే ఎపాక్సీలు దాదాపు అన్నీ సమపాళ్లే, ఒక పాలు రెసిన్‌కి ఒక పాలు హార్డనర్. సీసా మీద ఉన్నది ఒకసారి చదువుకోండి. ఈ పాళ్లు బరువులో కాదు, ఘనపరిమాణంలో. కళ్లతో చూసి సగం సగం అనుకోవద్దు, సిరంజిలతో కొలవండి. రెసిన్‌కి ఒకటి, హార్డనర్‌కి ఒకటి, మార్కర్‌తో గుర్తు పెట్టుకుని ఎప్పటికీ మార్చకుండా వాడండి. మందుల షాపు సిరంజిల్లో రబ్బరు పిస్టన్‌కి సిలికాన్ నూనె రాసి ఉంటుంది. అది రవ్వంత కలిసినా ఫినిష్ మీద చేప కళ్లలా గుంటలు పడతాయి, అక్కడ ఎపాక్సీ నిలవదు. రబ్బరు లేని ప్లాస్టిక్ సిరంజిలు రాడ్ సామాను అమ్మేవాళ్ల దగ్గరే దొరుకుతాయి. ఒక్క గైడే కదా అని చుక్క ఇదీ చుక్క అదీ కలపకండి. అంత చిన్న కొలతలో చిన్న పొరపాటే పెద్ద శాతం అవుతుంది. తక్కువలో తక్కువ 3 మి.లీ. ఇది, 3 మి.లీ. అది. మిగిలింది పారేయండి, కొత్త గైడ్ కన్నా చవకే.

ఆ మూడు గైడ్లకు నా సలహా ఇది. ముందు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బుతో మెత్తగా కడగండి. ఎపాక్సీ మీద తేమ వల్ల నూనె పూసినట్టు ఒక పొర తేలుతుంది, అది నీళ్లకు పోతుంది. మీరు జిగట అనుకుంటున్నది ఆ పొరే అయితే ఇక్కడితో సరి. కడిగి ఆరాక కూడా అంటుతుంటే ఆల్కహాల్‌తో తుడిచి, సరిగ్గా కొలిచి కలిపిన కొత్త కోటు పల్చగా వేయండి. చాలాసార్లు కింది జిగటను పై పొర బిగించేస్తుంది. వారం తర్వాత గోరుతో నొక్కితే లోపల మెత్తగా, జెల్లీలా కదిలితే మాత్రం కోయాల్సిందే. కొన వైపు గైడ్లు చిన్నవి, ఒక సాయంత్రం పని.

పూత వేయడం దగ్గరికి వద్దాం. అసలు పనితనమంతా ఇక్కడే ఉంది, వీడియోల్లో వేగంగా జరిపేసేది కూడా దీన్నే. మొదట చోటు మార్చండి. జనవరి గరాజ్‌లో చల్లదనం, దుమ్ము, సముద్రపు గాలి తేమ, మూడూ ఎపాక్సీకి గిట్టవు. ఏసీ నడిచే గదిలో, 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేయండి. ఏసీ గాలిలో తేమను కూడా తీసేస్తుంది. ఫ్యాను మాత్రం ఆపేయండి, లేకపోతే ఇంట్లో ఉన్న ప్రతి పోగూ వచ్చి రాడ్ మీద వాలుతుంది. మీ ఇంట్లో కుక్క ఉందో లేదో తెలియదు, ఉంటే తలుపు వేసుకోండి.

సీసాలను కలపడానికి ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి, ద్రవం పల్చబడి బుడగలు తేలిగ్గా పైకొస్తాయి. పాత రెసిన్ తేనెలా గడ్డకట్టి తెల్లగా కనిపించినా వేడినీళ్లకు కరిగి మళ్లీ తేరుకుంటుంది. పల్చబడాలని ఆల్కహాలో, ఎసిటోనో పోయమని చాలామంది చెప్తారు. నేను పోయను. ఆవిరైపోగా మిగిలినదాంట్లో గట్టిదనం తగ్గుతుంది, వెచ్చబెడితే జరిగే పనికి అది దేనికి? పుల్లతో మూడు నాలుగు నిమిషాలు నిదానంగా, గిలక్కొట్టకుండా, గిన్నె గోడలూ అడుగూ గీకుతూ కలపండి. తర్వాత వంటింటి అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పోసేయండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. చిన్న గిన్నెలో ముద్దగా ఉంటే ఆ వేడికి ఇంకా తొందరగా ముదురుతుంది. ఫాయిల్ మీద పరిస్తే వేడి పోతుంది, బుడగలూ పోతాయి, మీకు నింపాదిగా పనిచేసే సమయం దొరుకుతుంది.

మొదటి కోటు దారం తాగడానికి. పైన నిలవాల్సిన పనిలేదు. రాడ్‌ని చేత్తో తిప్పుతూ మెత్తటి కుంచెతో తడపండి, దారం రంగు ముదిరి తడిసినట్టు తెలుస్తుంది. ఇప్పుడు ఆ సొరంగాలు. కుంచె కొసన ఒక చుక్క తీసుకుని పాదం పక్కన నోటి దగ్గర పెట్టి, లాగకుండా అలా ఆనించి ఉంచండి. ఎపాక్సీ లోపలికి జారుతుంటే చిన్న బుడగ ఒకటి బయటికొస్తుంది. అది పగిలాక ఇంకో చుక్క. మళ్లీ బుడగ. బుడగలు ఆగేదాకా ఓపిక పట్టాలి, ఒక్కో పాదానికి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత రాడ్‌ని కాస్త వంచి రెండో పక్క. పాదం దారంలోంచి బయటికొచ్చి రింగు వైపు లేచే ఆ మెడ చుట్టూ కూడా పూత ఒక పట్టీలా మూసుకోవాలి. దారం అంచు దాటి బ్లాంక్ మీదకు ఒక మిల్లీమీటరు రానివ్వండి, అక్కడ తెగిపోతే నీరు అటునుంచి దూరుతుంది. మూడు మిల్లీమీటర్లు వస్తే వచ్చిన నష్టం లేదు, అందం తప్ప.

పది నిమిషాలయ్యాక పైన నిలిచిన అదనపు ఎపాక్సీని పొడి కుంచెతో తీసేయండి. మిగిలిన బుడగల మీదుగా స్పిరిట్ దీపం మంటను చకచకా ఒకసారి పోనివ్వండి, కొవ్వొత్తి అయితే మసి అంటుతుంది. స్పిరిట్ మంట వెలుతురులో సరిగ్గా కనపడదు, చొక్కా చేతులు మడుచుకోండి, ఆల్కహాల్ సీసా మూతపెట్టి దూరంగా ఉంచండి. తర్వాత రాడ్‌ని మోటార్ మీద పెట్టేయడమే. నిమిషానికి పది చుట్ల దగ్గర్లో తిరిగేది చాలు, వేగం అక్కర్లేదు. మోటార్ లేకపోతే మొదటి రెండు మూడు గంటలు ప్రతి కొద్ది నిమిషాలకూ చేత్తో సగం తిప్పుతూ కూర్చోవాలి. ఆ అనుభవం ఒక్కసారి అయ్యాక మోటార్ అందరూ కొంటారు.

ఎప్పుడు చెయ్యి ఆపాలన్నది పాకం పట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫాయిల్ మీద మిగిలినదాంట్లో పుల్ల ముంచి ఎత్తితే లేతపాకంలా జారాలి. తీగ సాగడం మొదలైందంటే కుంచె కింద పెట్టేయండి. అప్పుడు సరిదిద్దబోతే కుంచె గీతలన్నీ అలాగే గడ్డకడతాయి. పాకం ముదిరాక అరిసెలు ఏమవుతాయో ఇదీ అంతే. ఏదైనా తక్కువైతే రెండో కోటు ఉండనే ఉంది. దాన్ని మర్నాడు అదే వేళకు వేస్తే కింది పొరతో బాగా కలుస్తుంది. నాలుగైదు రోజులు ఆలస్యమైతే ముందు కడిగి, 400 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేలా తేలిగ్గా రుద్ది అప్పుడు వేయండి. దారం తెగేలా రుద్దకూడదు సుమా.

నీలం దారం. తెల్ల లుంగీ తడిస్తే కింద ఉన్నది కనపడుతుంది చూడండి, అదే సంగతి. మామూలు నైలాన్ దారం ఎపాక్సీ తాగగానే సగం పారదర్శకం అవుతుంది, కింది నల్ల బ్లాంక్ కనపడి రంగు చచ్చిపోతుంది. ముందుగా కలర్ ప్రిజర్వర్ రాస్తే రంగు నిలుస్తుంది. కానీ అది దారంలోకి ఎపాక్సీని సరిగా దిగనివ్వదు. ఉప్పునీళ్ల రాడ్‌కి దారం పూర్తిగా తడవడమే ముఖ్యం కాబట్టి నేను గైడ్ల దగ్గర అది వాడను. ఎన్‌సీపీ (నో కలర్ ప్రిజర్వర్) అని అమ్మే దారానికి ప్రిజర్వర్ లేకుండానే రంగు నిలుస్తుంది. మీరు కోసిన గైడ్‌కి మళ్లీ చుట్టేటప్పుడు అది తీసుకోండి. పెద్ద గైడ్లకు లావుగా ఉండే సీ సైజు, కొన వైపు సన్నటి ఏ సైజు. ఒక గైడ్ నీలం, మిగతావి నలుపు అయితే బాగుండదు అంటారేమో, నా దగ్గర ఉన్న రాడ్లలో సగం అలాగే ఉన్నాయి. చేపలు ఇంతవరకు ఏమీ అనలేదు.

ఇక మామగారి వార్నిష్. ఎపాక్సీ రాకముందు రాడ్ల మీద నిజంగానే పడవల వార్నిష్షే వేసేవాళ్లు, పల్చగా ఆరేడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు. ఇప్పటికీ వెదురు రాడ్లు కట్టేవాళ్లు దాన్ని వదల్లేదు. ఎండ విషయంలో ఎపాక్సీ కన్నా అదే మేలు. ఎపాక్సీ అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది, ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పైన పొడి లేస్తుంది. పడవల వార్నిష్‌లో ఆ కిరణాలను ఆపే పదార్థాలు ఉంటాయి. అయితే అది సొరంగాలు నింపలేదు, ఒక్కో పొరా ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. కాబట్టి ఎపాక్సీ బదులు పనికిరాదు. ఎపాక్సీ మీద పై పూతగా వేసుకుంటానంటే వద్దనను. ఎపాక్సీ వారం రోజులు పూర్తిగా గట్టిపడాలి, సబ్బునీళ్లతో కడగాలి, తేలిగ్గా రుద్దాలి. ఆ నూనె పొర మీద వార్నిష్ వేస్తే ఆరనే ఆరదు. నేనైతే అంత కష్టపడను, రాడ్‌ని ఎండలో కారు మీద వదిలేయకుండా ఇంట్లో పెట్టుకుంటాను. బ్లాంక్ మొత్తానికి ఏదో ఒకటి పూసేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. బ్లాంక్ తయారై వచ్చిందే గట్టిపడిన రెసిన్‌తో, పైన పూసిన కొద్దీ బరువు పెరిగి కొన మందకొడి అవుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. రీల్ సీటు, అంటే రీల్‌ని బిగించే భాగం, అల్యూమినియమా? మీ బ్లాంక్‌లో కార్బన్ ఉందా? కార్బన్ ఫైబర్ విద్యుత్తును పోనిస్తుంది. దానికి అల్యూమినియం తగిలి మధ్యలో ఉప్పునీళ్లు చేరితే చిన్న బ్యాటరీ తయారవుతుంది, తినబడేది అల్యూమినియమే. పైన తెల్లటి పొడి, బుడిపెలు కనిపిస్తే అదే. మధ్యలో ఖాళీ లేకుండా ఎపాక్సీ నిండి ఉంటే రెండూ ఒకదాన్నొకటి తగలవు. చాలామంది సీటు బిగుతు కావడానికి కింద మాస్కింగ్ టేపు చుడతారు. మంచినీళ్ల రాడ్‌కి సరే, సముద్రపు రాడ్‌లో ఆ కాగితం నీళ్లు పీల్చి లోపలే దాచుకుంటుంది. మీరూ అదే చుట్టి ఉంటే ఇప్పుడు పీకక్కర్లేదు, సీటు రెండు చివర్లా సందు ఉందేమో చూసి ఎపాక్సీతో మూసేయండి. కొన గైడ్ గొట్టం అంచు దగ్గర కూడా అంతే, నాలుగు చుట్లు దారం వేసి పూత పట్టించండి.

చేతికి నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. మొదటి మూడేళ్లు నేను వట్టి చేతులతోనే చేశాను, ఏమీ కాలేదు. నాలుగో ఏడు మణికట్ల మీద దద్దుర్లు మొదలయ్యాయి. ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే తగ్గడం కష్టం, ఇప్పుడు సీసా మూత తీసేముందే పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్నాను. చర్మానికి అంటితే సబ్బుతో కడగండి, ఎసిటోన్‌తో తుడవకండి. అది ఎపాక్సీని పల్చబరిచి ఒంటికి ఇంకా పట్టిస్తుంది.

పూర్తయిన రాడ్‌ని మర్నాడే గుడ్డ సంచిలో దూర్చకండి, లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది, గుడ్డ నేత మొత్తం ఫినిష్ మీద అచ్చు పడుతుంది. వారం ఆగండి. సముద్రం నుంచి వచ్చాక పైపు ధార జోరుగా కొట్టవద్దు, ఆ ఒత్తిడికి ఉప్పు లోపలికే పోతుంది. మంచినీళ్లు సన్నగా పోస్తూ తడిగుడ్డతో గైడ్ కాళ్లు తుడవండి, నీడలో ఆరనివ్వండి.

ఇప్పుడు ఆగస్టు అంటున్నారు కాబట్టి సమయం ఉంది. ఈ వారాంతం గైడ్ కోసి, కొన వైపు మూడూ కడగండి. వచ్చే వారం దారం చుట్టి మొదటి కోటు, మర్నాడు రెండోది. సెప్టెంబరు మధ్యకల్లా రాడ్ నీళ్లలో ఉంటుంది. మామగారు ఫోన్ చేసి, ఈసారి ఎన్ని చుక్కలు వేశావని అడిగితే సిరంజి చూపించండి. మొదటి కోటు ఆరాక ఆ రెండో గైడ్ ఫొటో తీసి పంపండి. పైనుంచి తీసింది వద్దు, రింగు వైపు నుంచి, వెలుతురు పడేలా.